విండ్సర్ వెళ్తున్న గోదావరి పిల్లలకి: చదువుకీ షిఫ్టులకీ మధ్య హాయిగా ఉండటం ఎలా

ఆగస్టు వస్తోందంటే భీమవరం, తణుకు, పాలకొల్లు, అమలాపురం, ఏ ఊరు చూసినా ఎవరో ఒకరి ఇంట్లో కెనడాకి పెట్టెలు సర్దుతూ ఉంటారు. వీసా గురించి, బ్యాంకు లోన్ గురించి, జీఐసీ (కెనడా బ్యాంకులో ఖర్చులకి ముందే వేసే మొత్తం) డిపాజిట్ గురించి చెప్పేవాళ్లు వీధికి ఇద్దరున్నారు. అక్కడికి వెళ్లాక క్లాసు అయిపోయి, వంట అయిపోయి, సాయంత్రం ఏడింటికి గదిలో ఒంటరిగా కూర్చున్నప్పుడు ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. నేను అంటారియోలోని విండ్సర్‌లో చదువుకుని వచ్చి ఇప్పుడు భీమవరంలో ఉంటున్నాను. వెళ్లేవాళ్లు ఇంటికొచ్చి అడిగినప్పుడల్లా చెప్పే మాటలే ఒకచోట పెడుతున్నాను.

మన దగ్గర కాలక్షేపానికి ఎవరూ ప్లాన్ వేసుకోరండి. చెప్పులేసుకుని బయటికొస్తే కాలవ గట్టు మీదో, టీ కొట్టు దగ్గరో, రామాలయం అరుగు మీదో ఎవరో ఒకరు ఉంటారు, గంట ఎలా గడిచిందో తెలియదు. అక్కడ అలా జరగదు. అందరికీ షిఫ్టులు, అందరికీ అసైన్‌మెంట్లు, ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు, ఫలానా రోజు ఫలానా టైముకి అని ముందే అనుకోకపోతే పక్క గదిలో ఉన్నవాడితో కూడా సరిగ్గా మాట్లాడకుండా నెల గడిచిపోతుంది. అందుకని నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. చదువుకీ సంపాదనకీ సంబంధం లేని పనులు వారానికి రెండు పెట్టుకోండి, ఏ రోజు, ఎన్నింటికి, ఎవరితో అన్నది సెప్టెంబర్ నెలాఖరులోపు ఖాయం చేసుకోండి. సెప్టెంబర్‌లో అలవాటైనవే జనవరి చలిలో నిలబడతాయి. మంచు పడటం మొదలయ్యాక కొత్తగా ఏదైనా మొదలుపెడదామంటే ఒళ్లు కదలదు, మనసూ కదలదు.

ముందు ఊరు అర్థం చేసుకోండి

విండ్సర్ మరీ పెద్ద ఊరు కాదు, 2021 జనాభా లెక్కల్లో నగరంలో 2,29,660 మంది, అంటే మన రాజమండ్రి కన్నా చిన్నది. టొరంటో పక్కనే ఉంటుందనుకుని వెళ్తారు చాలామంది, కాదు, రోడ్డు మీద 370 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రైల్లో నాలుగు గంటల పైమాటే. వారం వారం టొరంటో వెళ్లొద్దామనే ఆలోచన ముందే వదిలేసి ఈ ఊళ్లోనే ఏముందో చూసుకుంటే డబ్బూ మిగులుతుంది, మనసూ కుదురుతుంది.

మనవాళ్లకి ఒక విషయంలో విండ్సర్ చప్పున నచ్చుతుంది. నేలంతా చదును. ఊరు దాటితే కనుచూపు మేర చేలు, మధ్యలో నీళ్లు తీసే కాలవలు, కొన్నిచోట్ల గట్లు, ఎక్కడా కొండ కనబడదు. ఊరి ఒడ్డునే డెట్రాయిట్ నది. అటు ఒడ్డున ఉన్నది అమెరికాలోని డెట్రాయిట్ నగరం, అదీ మీకు ఉత్తరం వైపు కనబడుతుంది, ఎందుకంటే నది ఇక్కడ వంపు తిరిగింది కాబట్టి కెనడా ఊరే అమెరికా ఊరికి దక్షిణాన ఉంది. యూనివర్సిటీ ఆఫ్ విండ్సర్ సరిగ్గా ఆ నది దగ్గరే, 1929లో కట్టిన అంబాసడర్ బ్రిడ్జి పక్కనే ఉంటుంది. దాని మూలాలు 1857 నాటి అసంప్షన్ కాలేజీలో ఉన్నాయి, యూనివర్సిటీగా మారింది 1963లో.

ఇక్కడే రెండు జాగ్రత్తలు చెప్పాలి, ఎందుకంటే ఇవి విండ్సర్‌కే ప్రత్యేకం. నది ఒడ్డుకి వెళ్లేటప్పుడు ఫోన్‌లో డేటా రోమింగ్ ఆపేసుకోండి, ఫోన్ తనంతట తానే అమెరికా టవర్‌ని పట్టుకుంటుంది, మీరు కెనడాలోనే నిలబడి ఫొటోలు పంపిస్తుంటారు, బిల్లు మాత్రం అమెరికా రోమింగ్‌ది వస్తుంది. రెండోది, ఎవరి కారులోనైనా వెళ్తున్నప్పుడు క్యాంపస్ పక్కన ఉన్న హ్యురాన్ చర్చ్ రోడ్ నేరుగా బ్రిడ్జి మీదకి పోతుందని, డౌన్‌టౌన్‌లో కొన్ని లైన్లు నది కింద నుంచి అమెరికా వెళ్లే టన్నెల్‌లోకి పోతాయని గుర్తుంచుకోండి. స్టడీ పర్మిట్ ఉన్నా మన పాస్‌పోర్టు వాళ్లకి అమెరికా వెళ్లాలంటే అమెరికా వీసా కావాల్సిందే, పొరపాటున వచ్చామని బోర్డర్ దగ్గర చెప్పుకోవడం చాలా టెన్షన్. బోర్డు మీద ‘బ్రిడ్జ్ టు యూఎస్‌ఏ’ అని కనబడగానే ఆ లైను మారండి.

బయలుదేరే ముందు ఇక్కడే నేర్చుకోవాల్సినవి

జూన్, జూలై నెలలు షాపింగ్‌కే పోతాయి. రాజమండ్రిలో కొన్న జాకెట్ అక్కడి చలికి ఆగదు, ఆ డబ్బు ఉంచుకుని చలి బట్టలు అక్కడే కొనండి, సెకండ్ హ్యాండ్ షాపుల్లో మంచివే దొరుకుతాయి. దాని బదులు ఇంట్లో కూర్చుని అయిదారు వంటలు చేతికి వచ్చేలా చేసుకోండి. పప్పు, రసం, ఒక వేపుడు, కోడిగుడ్డు పులుసు, చేపల పులుసు, ఇవి వస్తే చాలు. వంట వచ్చినవాడి గదికి మనుషులు వాళ్లంతట వాళ్లే వస్తారు, అక్కడ స్నేహాలు చాలావరకు ఆదివారం మధ్యాహ్నం అన్నం దగ్గరే మొదలవుతాయి.

ఊళ్లో సాయంత్రం వాలీబాల్ ఆడే అలవాటు ఉంటే దాన్ని వదలకండి, లేకపోతే ఈ రెండు నెలల్లో షటిల్ అయినా పట్టుకోండి. క్యాంపస్‌లో వాలీబాల్‌కీ బ్యాడ్మింటన్‌కీ కొత్తవాళ్లని చేర్చుకుంటారు, ఆట కాస్త వచ్చినవాడికి ఇంగ్లీష్ తడబడుతున్నా ఇబ్బంది ఉండదు, పాయింట్ కొడితే చేయి కలుపుతారు, పరిచయం అక్కడే అయిపోతుంది. పెట్టెలో ఊరగాయలకి ఎంత చోటు ఇచ్చినా షటిల్ రాకెట్‌కీ, మంచి క్రికెట్ బ్యాట్‌కీ కాస్త చోటు ఉంచండి. ఇక తినే వస్తువులు ఏం తీసుకెళ్లినా సరే దిగగానే కస్టమ్స్ దగ్గర నిజం చెప్పి డిక్లేర్ చేయండి. డిక్లేర్ చేస్తే మహా అయితే తీసేసుకుంటారు, దాస్తే జరిమానా పడుతుంది.

సైకిల్ తొక్కడం, పంక్చర్ వేసుకోవడం కూడా వచ్చి ఉంటే మంచిది. విండ్సర్ చదునుగా ఉంటుంది కాబట్టి ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా సైకిల్ ఉంటే ఊరంతా మీదే. అక్కడ బండ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, రోడ్డు దాటేటప్పుడు మొదట ఎడమవైపు చూడాలి, మొదటి వారాల్లో ఇది మనవాళ్లు మరిచిపోతారు. సైకిల్‌కి బెల్లు, చీకటి పడ్డాక ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు చట్టప్రకారం ఉండాలి. సన్నటి తీగ తాళం వేస్తే సైకిల్ పోయినట్టే, ‘యు’ ఆకారంలో ఉండే లావు తాళం కొనండి.

సెప్టెంబర్ నెల మొత్తం చేరికలకే

మీ ఫీజు రసీదు ఒకసారి కూర్చుని లైను లైనుగా చదవండి. ట్యూషన్ కింద చిన్న చిన్న మొత్తాలు ఉంటాయి, జిమ్, స్టూడెంట్ యూనియన్, హెల్త్ ప్లాన్, కొన్ని కోర్సులకి బస్ పాస్. అంటే మీరు ఆల్రెడీ డబ్బు కట్టేశారు. అది తెలియక మనవాళ్లు బయట జిమ్‌కి నెలనెలా కడుతుంటారు. క్యాంపస్‌లో టోల్డో లాన్సర్ సెంటర్ అని 2022లో తెరిచారు, జిమ్ ఉంది, ఇండోర్ కోర్టులున్నాయి, స్విమ్మింగ్ పూల్ ఉంది. వెళ్లిన మొదటి వారంలోనే స్టూడెంట్ కార్డు పట్టుకుని అక్కడ కౌంటర్ దగ్గర రెండు ప్రశ్నలు అడగండి. నా ఫీజులో ఏమేం కలిసి ఉన్నాయి, ఇంట్రామ్యూరల్ ఆటల్లో (క్యాంపస్ విద్యార్థుల జట్ల మధ్య జరిగే ఆటల్లో) పేరు ఇవ్వడానికి ఆఖరి తేదీ ఎప్పుడు. ఆ తేదీ సెమిస్టర్ మొదట్లోనే అయిపోతుంది. జట్టు లేకపోయినా ఒంటరిగా పేరిస్తే ఏదో జట్టులో కలుపుతారా అని కూడా అడగండి, చాలామంది ఈ ఒక్క ప్రశ్న అడగకే ఆగిపోతారు.

క్లబ్బులన్నీ టేబుళ్లు వేసుకుని కూర్చునే రోజు సెప్టెంబర్‌లోనే వస్తుంది. మన తెలుగు వాళ్ల గ్రూపులో ఎలాగూ చేరతారు, చేరాలి కూడా, జ్వరం వస్తే చారు కాచి తెచ్చేది వాళ్లే. కానీ దానితో పాటు తెలుగు ఒక్కరూ లేని చోట కూడా ఒకదాంట్లో చేరండి. ఫొటోగ్రఫీ కానీ, బోర్డ్ గేమ్స్ కానీ, ఫుడ్ బ్యాంకులో వాలంటీర్ పని కానీ, ఏదైనా పర్లేదు. ఇంగ్లీష్ కోసమో ఉద్యోగం కోసమో చెప్పట్లేదు. మన గదుల్లో మాటలన్నీ తిరిగి తిరిగి అప్పు, పర్మిట్, పీఆర్ (శాశ్వత నివాసం) దగ్గరికే వస్తాయి, వారానికి రెండు గంటలైనా ఆ మాటలు వినబడని చోట కూర్చుంటే తల తేలికవుతుంది. ఇది నేను చాలామందిలో చూశాను.

విండ్సర్ పబ్లిక్ లైబ్రరీ కార్డు కూడా ఆ నెలలోనే తీసుకోండి, ఊళ్లో ఉంటున్నట్టు అడ్రస్ ప్రూఫ్ చూపిస్తే ఉచితంగా ఇస్తారు. సినిమాలు, పుస్తకాలే కాదు, వెచ్చగా, నిశ్శబ్దంగా, ఏమీ కొనకుండా గంటలు కూర్చోగలిగే చోటు అది, చలికాలంలో దాని విలువ తెలుస్తుంది.

షిఫ్టుల మాట. 2024 నవంబర్ నుంచి క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్ బయట వారానికి 24 గంటలు మించి పని చేయకూడదు, సెమిస్టర్ల మధ్య అధికారిక సెలవుల్లో అర్హత ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ చేయొచ్చు. ఆ 24 గంటలూ ఏ సాయంత్రాల్లో పడాలన్నది మేనేజర్‌తో మొదట్లోనే మాట్లాడుకోండి. మీ ఆట సాయంత్రం, మీ ఆదివారం మధ్యాహ్నం, ఈ రెండూ కుదరవని చేరేటప్పుడే రాసిస్తే వాళ్లు షెడ్యూల్ అలాగే వేస్తారు. చేరిన రెండు నెలలకి అడిగితే ముఖం మాడ్చుకుంటారు.

నది దగ్గర

బ్రిడ్జి కింద నుంచి తూర్పుకి నది పొడుగునా నడకదారి ఉంది, దాదాపు అయిదు కిలోమీటర్లు, మొత్తం పార్కులే. దారిలో శిల్పాల పార్కు వస్తుంది, అందులో టెంబో అని తల్లి ఏనుగు, రెండు పిల్ల ఏనుగుల కంచు విగ్రహం దగ్గర ఇంటికి పంపే మొదటి ఫొటో అందరూ దిగుతారు. నేను మాత్రం ఓడలు చూడమంటాను. మనం గోదావరి మీద పంట్లు, లాంచీలు, ఇసుక పడవలు చూసినవాళ్లం, ఇక్కడ వెయ్యి అడుగుల పొడవున్న సరుకు ఓడలు కూడా ఒడ్డుకి అంత దగ్గరగా వెళ్తుంటాయి, ఇనుప ఖనిజం, సున్నపురాయి, ధాన్యం వేసుకుని. ఓడల జాడ చూపించే ఉచిత యాప్ ఫోన్‌లో పెట్టుకుంటే ఓడ పేరు, ఎక్కడి నుంచి వస్తోంది, ఎంత వేగం అన్నీ కనబడతాయి. బెంచీ మీద థర్మాస్‌లో టీ పెట్టుకుని కూర్చుంటే, ముందు కాళ్ల కింద నేలలో సన్నటి అదురు తెలుస్తుంది, తర్వాత వంపు తిరిగి ఓడ ముక్కు కనబడుతుంది, అది మొత్తం మీ ముందు నుంచి దాటడానికి నిమిషాలు పడుతుంది. ఆ ఓడలు ఆగకుండానే వాటికి ఉత్తరాలు అందించే ఒక చిన్న పడవ అవతలి ఒడ్డున ఉంది, దాని పేరు జె.డబ్ల్యూ. వెస్ట్‌కాట్, దానికి సొంతంగా పిన్‌కోడ్ లాంటి 48222 అనే జిప్ కోడ్ కూడా ఉంది. పెద్ద ఓడ పక్కన అది చేరుకోగానే పైనుంచి తాడుతో బకెట్ దింపుతారు. పైసా ఖర్చు లేని సాయంత్రం ఇది, సెప్టెంబర్ ఎండలో చాలా బాగుంటుంది.

ఇప్పుడు గోదావరి పిల్లలకి ప్రత్యేకంగా చెప్పాల్సింది. మనకి ఈత వచ్చు, కాలవల్లో పుట్టి పెరిగాం, నది అంటే భయం లేదు. ఆ ధైర్యం అక్కడ పనికిరాదండి. డెట్రాయిట్ నది పైకి నెమ్మదిగా కనబడుతుంది, లోపల లాగుడు ఎక్కువ, ఓడలు వెళ్లాక అలలు వస్తాయి, అన్నిటికన్నా చల్లదనం. ఏప్రిల్, మే నెలల్లో బయట ఎండ కాస్తున్నా నీళ్లు ఇంకా మంచులా ఉంటాయి, అందులో పడగానే ఊపిరి బిగుసుకుపోయి ఈతగాడికి కూడా చేయి ఆడదు. గట్టు మీద నుంచి దూకడం, రాళ్ల మీద దిగి కాళ్లు కడుక్కోవడం లాంటివి వద్దు. చలికాలంలో నీళ్ల మీద మంచు గడ్డ కట్టినట్టు కనబడినా కాలు పెట్టొద్దు, కింద ప్రవాహం ఆగదు. ఈత కొట్టాలని ఉంటే క్యాంపస్ పూల్ ఉంది.

గాలం వేయడం మాత్రం హాయిగా చేయొచ్చు. వసంతంలో వైట్ బాస్ అనే చేపలు గుంపులుగా ఎదురెక్కి వస్తాయి, ఆ రోజుల్లో ఒడ్డు పొడుగునా మనుషులు బకెట్లు, మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు, పక్కవాళ్లతో మాట కలపడానికి ఇంతకన్నా తేలికైన చోటు లేదు. కానీ ఊరికే కర్ర పట్టుకుని వెళ్లకూడదు, 18 నుంచి 64 ఏళ్ల వయసు వాళ్లకి అవుట్‌డోర్స్ కార్డు, ఫిషింగ్ లైసెన్సు రెండూ కావాలి, ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. అంటారియోలో వరసగా ఆరు నెలలు ఉన్నవాళ్లకి లైసెన్సు స్థానికుల ధరకే వస్తుంది, కాబట్టి సెప్టెంబర్‌లో వెళ్లినవాళ్లు వసంతం దాకా ఆగితే సరిపోతుంది. ఏ చేప ఎన్ని పట్టొచ్చో లెక్కలుంటాయి, అవి అంటారియో చేపల నిబంధనల్లో ఈ నది వచ్చే జోన్ 19 కింద చూసుకోండి. పట్టినవి తినేముందు అంటారియో ప్రభుత్వం పెట్టిన చేపల గైడ్ చూడండి, ఏ నీళ్లలో ఏ చేప ఎంత పొడవుంటే నెలకి ఎన్నిసార్లు తినొచ్చో అందులో ఉంటుంది. పాత ఫ్యాక్టరీల వల్ల నదిలో పాదరసం, పీసీబీలు అనే విష రసాయనాలు ఉన్నాయి కాబట్టి ఇది తేలిగ్గా తీసుకోకూడదు.

చేపలు కొనుక్కునేవాళ్లకి లేక్ ఈరీ అనే పెద్ద సరస్సులో పట్టే పెర్చ్, పికరెల్ దొరుకుతాయి. పికరెల్ తెల్లటి కండ, ముళ్లు తక్కువ, కారం ఉప్పు పట్టించి వేపుడు చేస్తే మనవాళ్లకి బాగా నచ్చుతుంది, పులుసుకి మాత్రం ఇండియన్ షాపుల్లో దొరికే ఫ్రోజెన్ రోహు, కట్ల ముక్కలే నయం. రొయ్యల ప్యాకెట్ కొంటే ఒకసారి తిప్పి చూడండి, చాలాసార్లు ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’ అని ఉంటుంది, మన వైపు చెరువుల్లో పెరిగినవే అయ్యుండొచ్చు. వంట చేసేటప్పుడు ఒక పని మరవొద్దు, పోపు వేయకముందే చలి జాకెట్లన్నీ అల్మరాలో పెట్టి తలుపు మూసేయండి. ఇంగువ, ఎండుమిరప పొగ ఆ జాకెట్‌లోకి ఎక్కితే వారమైనా పోదు, వాటిని రోజూ ఉతకడానికీ లేదు, మర్నాడు బస్సులో మీకే తెలుస్తుంది. స్టవ్ మీద ఫ్యాన్ వేసి కిటికీ కాస్త తీస్తే స్మోక్ అలారం మోగదు, మోగుతోందని దాని బ్యాటరీ పీకేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి, ప్రాణం మీదకి వస్తుంది, చట్టప్రకారం నేరం కూడా.

చలికాలం

కెనడా లెక్కలో విండ్సర్ చలి తక్కువే, బాగా దక్షిణాన ఉంది. అయినా జనవరిలో మైనస్ పది అన్నది మామూలు మాట, నది మీద గాలి వీస్తే ఇంకా కోస్తుంది. కానీ మనవాళ్లని కుంగదీసేది చలి కన్నా చీకటి. డిసెంబర్‌లో సాయంత్రం అయిదింటికే పొద్దు గుంకుతుంది, ఉదయం ఎనిమిది దగ్గరయ్యేదాకా తెల్లారదు. ఉదయం చీకట్లో క్లాసుకి వెళ్లి, చీకట్లో షిఫ్ట్‌కి వెళ్లి, చీకట్లో ఇంటికొస్తే వారం తిరిగేసరికి కారణం లేకుండా ఏడుపొస్తుంది. దీనికి పని చేసేది ఒక్కటే, మధ్యాహ్నం పన్నెండుకీ రెండుకీ మధ్య వెలుతురున్నప్పుడు అరగంట బయట నడవండి, రోజూ. బట్టలు పొరలు పొరలుగా వేసుకోండి, ఒంటికి అతుక్కునే థర్మల్, దాని మీద ఉన్ని లేదా ఫ్లీస్, పైన గాలి చొరబడని జాకెట్, కాళ్లకి నీళ్లు దిగని బూట్లు. బూట్ల దగ్గర పిసినారితనం వద్దు.

ఐస్ స్కేటింగ్ నేర్చుకోండి. చలికాలం మీద ఇష్టం పుట్టడానికి ఇంతకన్నా దగ్గర దారి నాకు కనబడలేదు. లాన్స్‌పియరీ పార్కులో ఆరుబయట రింక్ (స్కేటింగ్ కోసం ఐస్ గడ్డ కట్టించిన చోటు) ఉంది, డబ్ల్యూఎఫ్‌సీయూ సెంటర్ లాంటి చోట్ల లోపల రింకులున్నాయి, అందరూ స్కేట్ చేసే టైములు నగరం వెబ్‌సైట్‌లో పెడతారు. పాత స్కేట్లు సెకండ్ హ్యాండ్ షాపుల్లో చవగ్గా దొరుకుతాయి, మీ బూటు సైజు కన్నా ఒక సైజు చిన్నవి తీసుకోవాలి, తీసుకున్నాక బ్లేడు పదును పెట్టించాలి. వేసుకునేటప్పుడు మడమని వెనక్కి గట్టిగా తట్టి కూర్చోబెట్టి, వేళ్ల దగ్గర లేసు కాస్త వదులుగా, చీలమండ దగ్గర బాగా బిగించి కట్టండి. చీలమండ పక్కలకి ఊగుతోందంటే కట్టింది సరిపోలేదన్నమాట, విప్పి మళ్లీ కట్టాలి. ఐస్ మీద నిటారుగా నిలబడితే వెనక్కి పడతారు, మోకాళ్లు వంచి, బరువు ముందుకి వేసి, కాలి వేళ్లు రెండు వైపులకీ తిప్పి, బాతు నడకలా చిన్న చిన్న అడుగులు వేయండి. పడబోతున్నప్పుడు పక్కకి ఒరిగి తొడ మీద పడండి, చేతులు వెనక్కి చాపితే మణికట్టు విరుగుతుంది. పడ్డాక వేళ్లు పిడికిలిలోకి ముడిచేసి త్వరగా లేవండి, వెనక వచ్చేవాళ్ల బ్లేడ్లు ఉంటాయి. హెల్మెట్ పెట్టుకోవడానికి సిగ్గుపడొద్దు, పక్కన మూడేళ్ల పిల్లలు దూసుకుపోతుంటారు, ఎవరూ మిమ్మల్ని చూసి నవ్వరు. దెబ్బ తగిలితే యూహెచ్‌ఐపీ అనే యూనివర్సిటీ ఆరోగ్య బీమా కార్డు చూపించాలి, అది ఫోన్‌లో సేవ్ చేసి ఉంచండి.

ఐస్ హాకీ మ్యాచ్ ఒక్కటైనా చూడండి. విండ్సర్ స్పిట్‌ఫైర్స్ అని కుర్రాళ్ల జూనియర్ జట్టు ఉంది, 2009, 2010, 2017లో కెనడా జూనియర్ హాకీలో పెద్దదైన మెమోరియల్ కప్ గెలిచింది, టిక్కెట్ పెద్ద లీగ్ ధరల్లో చాలా తక్కువ వంతు. రూల్స్ తెలియకపోయినా ఊరి వాళ్లందరినీ ఒకచోట చూడొచ్చు. డిసెంబర్‌లో జాక్సన్ పార్కులో ‘బ్రైట్ లైట్స్’ అని దీపాలు పెడతారు, ప్రవేశం ఉచితం, సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన సాయంత్రం వెళ్లడానికి బాగుంటుంది. భోగికి సెమిస్టర్ మొదలై ఉంటుంది, సెలవు ఉండదు, మంట వేద్దామని పెరట్లో కట్టెలు పేర్చకండి, ఊళ్లో ఆరుబయట మంటకి ఫైర్ డిపార్ట్‌మెంట్ నిబంధనలు గట్టిగా ఉంటాయి. సంక్రాంతి దగ్గర్లోని శనివారం ఒక ఇంట్లో అందరూ చేరి అరిసెలు వండడం, తంబోలా, పేకాట పెట్టుకోండి, తెలుగు రాని క్లబ్బు స్నేహితుల్ని కూడా పిలవండి.

ఇంత చేసినా మనసు బాగోలేకపోతే, నిద్ర పట్టకపోతే, బతుకు మీద విసుగు పుడితే, ఇంట్లో చెప్పుకోలేక లోపలే పెట్టుకోవద్దు. అంటారియోలో కాలేజీ విద్యార్థుల కోసం గుడ్2టాక్ అనే ఫోన్ సాయం ఉంది, రాత్రి పగలూ, ఉచితం, పేరు చెప్పక్కర్లేదు. ప్రాణం తీసుకోవాలనిపిస్తే దేశమంతటా 988కి ఫోన్ కానీ మెసేజ్ కానీ చేయొచ్చు. ఇది చదువుకీ వీసాకీ ఏ రకంగానూ అడ్డు కాదు. అమ్మానాన్నలకి ఫోన్ చేసే టైమ్ కూడా ఖాయం చేసుకోండి, వేసవిలో మనకీ అక్కడికీ తొమ్మిదిన్నర గంటలు తేడా, నవంబర్ మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా పదిన్నర. రాత్రి తొమ్మిదికి చేస్తే ఇక్కడ మర్నాడు పొద్దున్న ఆరున్నరో ఏడున్నరో అవుతుంది, ఇంట్లో కాఫీల వేళ, నిదానంగా మాట్లాడతారు.

ఎండ వచ్చాక

మే నెలలో ఊరు మారిపోతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుతురే. నలుగురు కలిసి కారు అద్దెకి తీసుకుని పాయింట్ పెలీ నేషనల్ పార్కుకి వెళ్లండి, ఊరికి 50 కిలోమీటర్ల పైన, లెమింగ్టన్ దగ్గర. కెనడా ప్రధాన భూభాగానికి అదే దక్షిణపు చివర, నీళ్లలోకి సన్నగా దిగిపోయే ఇసుక కొస, అంతర్వేది దగ్గర సముద్రంలోకి దిగే ఇసుక చూసినవాళ్లకి మనసు పట్టేస్తుంది. మే మొదట్లో వలస పక్షులు లేక్ ఈరీ దాటి వచ్చి మొదట వాలేది అక్కడే, అలసిపోయి తల ఎత్తు కొమ్మల మీద కూర్చుంటాయి, బైనాక్యులర్స్ లేకుండానే కనబడతాయి. సెప్టెంబర్‌లో మోనార్క్ సీతాకోకచిలుకలు మెక్సికో వైపు వెళ్తూ ఆగుతాయి. ఆ కొస దగ్గర నీళ్లలో దిగడం నిషేధం, ప్రవాహాలు రెండు వైపుల నుంచీ లాగుతాయి, పార్కులో వేరే బీచీలున్నాయి, అక్కడ దిగండి. దారిలో లెమింగ్టన్ చుట్టూ ఎటు చూసినా గ్రీన్‌హౌస్‌లే, టమాటాలు, మిరపలు, దోసకాయలు పండిస్తారు, రైతు కుటుంబాల పిల్లలైతే ఆగి చూడాల్సిందే. వేసవిలో పెలీ ఐలాండ్‌కి పంటు లాంటి ఫెర్రీ ఉంటుంది, సైకిళ్లతో సహా ఎక్కొచ్చు. జూన్‌లో స్ట్రాబెర్రీలు, సెప్టెంబర్‌లో ఆపిల్స్ మనమే కోసుకునే తోటలు ఊరి చుట్టూ ఉన్నాయి.

కారు లేకపోయినా సైకిల్ మీద ఒజిబ్వే ప్రైరీకి వెళ్లొచ్చు, నగరంలోనే ఉన్న ఎత్తు గడ్డి నేల, నడవడానికి దారులున్నాయి, డబ్బులు కట్టక్కర్లేదు. నిండు ప్యాంటు వేసుకుని అంచులు సాక్సులోకి దోపుకోండి, ఇంటికొచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో పిడుదులు పట్టాయేమో చూసుకోండి, వాటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. దారిలోనే శాండ్‌విచ్ అనే పాత పేట ఉంది, అక్కడి ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి అమెరికాలో బానిసత్వం నుంచి పారిపోయి నది దాటి వచ్చిన నల్లజాతి వాళ్లు తమ చేతులతో ఇటుకలు చేసి 1851లో కట్టుకున్నది. రోజూ చూసే ఆ నది వాళ్లకి ఏమిటో తెలుసుకుని ఒడ్డున కూర్చోండి.

జూన్‌లో ‘కరౌసెల్ ఆఫ్ ది నేషన్స్’ అని ఊళ్లో ఉన్న దేశదేశాల వాళ్లు ఎవరి తిండి, ఎవరి ఆటపాటలు వాళ్లు పెడతారు, చోటు చోటుకీ తిరిగి చూడటమే. అదే నెలాఖరున నది మీద డెట్రాయిట్ వాళ్లు పేల్చే బాణసంచా విండ్సర్ ఒడ్డు నుంచి ఉచితంగా చూడొచ్చు. ఆ రోజు రెండు గంటల ముందే వెళ్లి దుప్పటి పరిచి చోటు పట్టుకోండి, పులిహోర డబ్బాల్లో పెట్టుకెళ్లండి, నీళ్లు, దోమల క్రీము మరవొద్దు. నది పక్క రోడ్లు మూసేస్తారు, బస్సులు దారి మళ్లుతాయి కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడి దాకా నడవాలో ముందే చూసుకుని, అందరూ కలిసే రండి.